చిన్న వ్యాపారాల పక్షాన ఒక తీర్మానం: పురపాలక పాలకవర్గాలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పురపాలక సంఘాల చైర్‌పర్సన్లకు, నగరపాలక సంస్థల మేయర్లకు, కౌన్సిలర్లకు, కార్పొరేటర్లకు నమస్కారములు.

రాష్ట్ర బడ్జెట్‌కు శాఖల వారీ ప్రతిపాదనలు సిద్ధమయ్యే లోపలే మీ సాధారణ సమావేశంలో ఒక తీర్మానం చేసి పంపవలసిందిగా కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. చిన్న వ్యాపారాలకు, సూక్ష్మ పరిశ్రమలకు చేయూతనిచ్చే కార్యక్రమాల కోసం రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేక పద్దు కింద నిధులు కేటాయించాలని, కేటాయించిన సొమ్మును ఆ ఆర్థిక సంవత్సరంలోనే విడుదల చేయాలని ఆ తీర్మానం కోరాలి. ఉత్తరాంధ్రలో చిన్న యూనిట్లకు లెక్కలు రాస్తూ, వారి రుణ దరఖాస్తులు, ప్రాజెక్టు రిపోర్టులు తయారుచేసే వృత్తిలో ఉన్నవాడిని. కనుక ఇక్కడ చెప్పేవాటిలో ఎక్కువ భాగం నా బల్ల ముందు కూర్చున్నవారి వ్యవహారాల నుంచి వచ్చినవే.

మీ అజెండాలో తాగునీరు, మురుగు కాల్వలు, వీధి దీపాలు, చెత్త తరలింపు ఉండగా పరిశ్రమల శాఖ పని మనకెందుకని కొందరు సభ్యులు అడగవచ్చు. ప్రశ్న సహజమైనదే. అయితే 74వ రాజ్యాంగ సవరణతో చేర్చిన 12వ షెడ్యూలులోని 18 అంశాల్లో ఆర్థిక, సామాజికాభివృద్ధి ప్రణాళిక ఒకటి, పట్టణ పేదరిక నిర్మూలన మరొకటి. పంచాయతీల విషయంలో 11వ షెడ్యూలు ఇంకా సూటిగా మాట్లాడుతుంది: ఆహార శుద్ధితో సహా చిన్నతరహా పరిశ్రమలు, ఖాదీ, గ్రామీణ, కుటీర పరిశ్రమలు అని పేరుపెట్టి మరీ చెప్పింది. ఆచరణ సంగతికి వస్తే, ఊళ్లో ఏ సందులో ఏ మిల్లు ఉందో, ఏ దుకాణం మూతపడిందో తెలిపే రిజిస్టరు ఏ ప్రభుత్వ కార్యాలయంలోనైనా ఉంటే అది మీ ట్రేడ్ లైసెన్సుల రిజిస్టరే. లైసెన్సు రుసుము వసూలు చేసుకునేంత దగ్గరగా ఉన్న సంస్థ, ఆ లైసెన్సుదారుకు అందవలసిన సాయం గురించి మాట్లాడడానికి దూరమని అనుకోవడం నాకు న్యాయంగా తోచదు.

పలాస-కాశీబుగ్గ ప్రాంతపు జీడిపప్పు యూనిట్ల సంగతి చూడండి. జీడిపిక్కలు చేతికి వచ్చే కాలం ఎండాకాలపు రెండు మూడు నెలలే. ఏడాది పొడవునా పని నడవాలంటే ఆ కొద్ది నెలల్లోనే సరుకు కొని, ఎండబెట్టి, నిల్వ చేసుకోవాలి. ఆ తర్వాత పిక్కను ఉడికించి, కోసి, పప్పును బోర్మాలో (వేడిగాలితో ఆరబెట్టే గదిలో) ఆరబెట్టి, పొట్టు తీసి, నిండు పప్పును, బద్దను, ముక్కను వేరుచేస్తారు. కోసేచోట పనిచేసే ఆడవాళ్ల వేళ్లను జీడి తొక్కలోని నూనె కొరికేస్తుంది. సంవత్సరానికి కావలసిన పెట్టుబడి అంతా సీజనులోనే గోదాములోకి వెళ్లిపోతుంది గానీ, అమ్మకపు డబ్బు మాత్రం నెలనెలా కొద్దికొద్దిగా తిరిగి వస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆ చుట్టుపక్కల ఉద్దానం జీడితోటలను కూల్చిన తర్వాత బయటి పిక్కల మీద, ఆఫ్రికా దేశాల నుంచి దిగుమతయ్యే సరుకు మీద ఆధారపడవలసి రావడంతో ఈ భారం ఇంకా పెరిగింది.

ఇటువంటి యూనిట్‌కు బ్యాంకు యంత్రాలకు టర్మ్ లోను (వాయిదాల్లో తీర్చే అప్పు) సులువుగానే ఇస్తుంది, ఎందుకంటే యంత్రం కంటికి కనిపిస్తుంది, కొటేషన్ ఉంటుంది. చిక్కంతా సీసీ లిమిట్ (సరుకు కొనడానికి అవసరమైనప్పుడు వాడుకుని తిరిగి కట్టే అప్పు పరిమితి) దగ్గర. సీజనులో ఎంత సరుకు కొంటారు, ఎన్ని నెలలు నిల్వ ఉంటుంది, ఏ నెలలో ఎంత అమ్ముడవుతుంది అన్న లెక్క బ్యాంకుకు నచ్చేలా కాగితం మీద పెట్టాలి. నెలనెలా స్టాకు స్టేట్‌మెంటు ఇవ్వాలి. జీఎస్‌టీ రిటర్నుల్లోని అంకె, బ్యాంకు ఖాతాలోని అంకె, మనం రాసిన అంచనా ఒకదానితో ఒకటి పొసగాలి. ఈ పని చేసిపెట్టేవారు లేని యజమాని సీజను మొదలవగానే ప్రైవేటు వడ్డీకి తెచ్చుకుంటాడు, లేదా సరుకంతా తనకే అమ్మాలన్న షరతు మీద టోకు వ్యాపారి దగ్గర అడ్వాన్సు తీసుకుంటాడు. ఆ షరతు పడిన రోజునే అతని ధర అతని చేతుల్లోంచి జారిపోయినట్టు. నేను ఫీజు తీసుకుని ఈ పని చేస్తాను. ఆ ఫీజు ఇచ్చుకోలేనివారికే ఈ సాయం అందరికంటే ఎక్కువ అవసరమన్న సంగతి నాకు తెలుసు, వారికి ఉచితంగా చేసిపెట్టే వ్యవస్థ వస్తే నా వృత్తికి వచ్చే నష్టం ఏమీ లేదు.

చేయూత అంటే సబ్సిడీ అని మనకు అలవాటైపోయింది. సబ్సిడీలు ఉన్నాయి. ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమం 2008 నుంచి నడుస్తోంది. తయారీ యూనిట్‌కు 50 లక్షల రూపాయల దాకా, సేవల యూనిట్‌కు 20 లక్షల దాకా ప్రాజెక్టు వ్యయాన్ని అనుమతిస్తూ, వర్గాన్ని బట్టి, ప్రాంతాన్ని బట్టి 15 నుంచి 35 శాతం వరకు రాయితీ ఇస్తోంది. కానీ ఆ రాయితీ సొమ్ము లబ్ధిదారు చేతికి రాదనీ, మూడేళ్ల పాటు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉండి, ఆ తర్వాతే అప్పులో సర్దుబాటు అవుతుందనీ దరఖాస్తు చేసుకునేవారిలో ఎంతమందికి ముందుగా తెలుసు? రాయితీ వస్తుంది కదా అని ఆ మేరకు బయట చేబదులు తెచ్చి షెడ్డు వేసిన ఒక పిండిమర యజమానిని నేను ఎరుగుదును. మర మొదలైన తొలి నెలల్లోనే ఆయన వాయిదాలు తప్పాడు. పథకంలో లోపం లేదు, ఆయన నిజాయితీలోనూ లోపం లేదు. దరఖాస్తు నింపిన రోజున పక్కన కూర్చుని ఈ ఒక్క నిబంధన చెప్పే మనిషి లేడు, అంతే.

ఆ మనిషి కోసమే జిల్లా పరిశ్రమల కేంద్రాలు పుట్టాయి. 1978లో వాటిని ప్రారంభించినప్పటి ఉద్దేశం, చిన్న పారిశ్రామికుడికి కావలసిన సలహా, అనుమతి, ముడిసరుకు, రుణం అన్నీ ఒకే కప్పు కింద జిల్లా స్థాయిలో దొరకాలనే. ఈనాడు ఆ కేంద్రాల సిబ్బంది సమయంలో అధిక భాగం లక్ష్యాల నివేదికలకు, పోర్టళ్లలో వివరాల నమోదుకు, సమీక్షా సమావేశాలకు ఖర్చయిపోతున్నట్టు బయటినుంచి చూసే నా వంటివారికే కనబడుతోంది. 2022 ఏప్రిల్ 4న మన 13 జిల్లాలు 26 అయినప్పుడు కార్యాలయాల బోర్డులు పెరిగాయి. ఇండస్ట్రియల్ ప్రమోషన్ ఆఫీసర్ల పోస్టులు అదే లెక్కన పెరిగాయా, మీ పట్టణానికి ఎవరు బాధ్యులు, ఆ అధికారి నెలకు ఎన్నిసార్లు మీ ఊరికి వస్తున్నారు అన్న ప్రశ్నలను సామాన్య వ్యాపారి అడిగితే జవాబు రాకపోవచ్చు. పాలకవర్గం తీర్మానపూర్వకంగా అడిగితే రాతపూర్వకంగా రావలసిందే.

ఇక రాష్ట్ర ప్రోత్సాహకాల సంగతి. పెట్టుబడి రాయితీ, విద్యుత్ చార్జీల వాపసు, వడ్డీ రాయితీ, రాష్ట్ర జీఎస్‌టీ వాపసు వంటివి ప్రతి పారిశ్రామిక విధానంలోనూ ఉంటాయి. యూనిట్ ముందు ఖర్చు పెట్టుకుంటుంది, తర్వాత క్లెయిము వేస్తుంది, కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా పరిశ్రమల, ఎగుమతుల ప్రోత్సాహక కమిటీ మంజూరు చేస్తుంది. మంజూరు వార్త పత్రికల్లో వస్తుంది. ఆ తర్వాత సీనియారిటీ వరుసలో నిధుల విడుదల కోసం నిరీక్షణ మొదలవుతుంది. మంజూరుకు, విడుదలకు మధ్య ఉన్న ఈ దూరమే నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో అతి పెద్ద సమస్య. 2020 మే నెలలో కోవిడ్ కాలపు ఉపశమనంగా రాష్ట్ర ప్రభుత్వం ‘రీస్టార్ట్’ పేరుతో 1,110 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించినప్పుడు అందులో పెద్ద భాగం పాత ప్రోత్సాహకాల బకాయిలు తీర్చడానికే సరిపోయింది. ఆ చెల్లింపు ఎన్నో యూనిట్లకు ఊపిరి పోసింది, దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ రావలసిన బాకీ వస్తే దాన్ని సాయంగా లెక్కించుకోవలసిన స్థితికి చిన్న పరిశ్రమ చేరిందంటే, బడ్జెట్లో ఆ పద్దుకు ఏటేటా ఎంత ప్రాధాన్యం దక్కిందో అర్థం చేసుకోవచ్చు. ఏ పార్టీ ప్రభుత్వం ఉన్నా ఈ వరుస మారలేదు. పెద్ద కంపెనీకి విడుదల ఆలస్యమైతే బ్యాలెన్స్ షీటులో ఒక అంకె పెరుగుతుంది. పదిమంది పనిచేసే యూనిట్‌కు ఆలస్యమైతే వచ్చే సీజనుకు పిక్కలు కొనడానికి డబ్బుండదు.

రాష్ట్ర నిధులు అందకపోతే ఆగిపోయేది రాష్ట్ర పథకాలు మాత్రమే కాదు. 2020లో మొదలైన సూక్ష్మ ఆహార శుద్ధి యూనిట్ల పథకాన్నే తీసుకోండి. అప్పడాలు, పచ్చళ్లు, జీడిపప్పు, బెల్లం, మసాలా పొడులు చేసే యూనిట్‌కు 35 శాతం చొప్పున గరిష్ఠంగా 10 లక్షల రూపాయల రాయితీ ఉంది. ఇందులో కేంద్రం 60, రాష్ట్రం 40 పాళ్లలో భరించాలి. ఆ 40 సమయానికి జమ కాకపోతే ఆ 60కి కూడా గండి పడుతుంది. ఇలా జత వాటా అడగడం మన దేశపు వింత కాదు. అమెరికాలో 1980 చట్టం కింద నడుస్తున్న చిన్న వ్యాపార అభివృద్ధి కేంద్రాలకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే ప్రతి డాలరుకు రాష్ట్రమో, విశ్వవిద్యాలయమో, స్థానిక సంస్థో మరో డాలరు జతచేయాలి. ఆ కేంద్రాలు అప్పులు ఇవ్వవు. వ్యాపారి పక్కన కూర్చుని లెక్కలు చూసి, అప్పు ఎలా అడగాలో ఉచితంగా చెప్తాయి. ఒక ధనిక దేశం అప్పుతో పాటు సలహాకు కూడా ప్రభుత్వ ధనం ఖర్చు చేయవలసిందేనని నలభై ఏళ్లుగా నమ్ముతూ ఉంటే, మనం మాత్రం పోర్టల్ తెరిచి యూజర్ ఐడీ ఇస్తే చాలనుకుంటున్నాం.

మనిషి పక్కన ఉంటే ఏమవుతుందో మీ పట్టణాల్లోనే ఒక రుజువు ఉంది. 2020 జూన్‌లో వీధి వ్యాపారులకు స్వనిధి పథకం వచ్చినప్పుడు పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా రిసోర్స్ పర్సన్లు, కమ్యూనిటీ ఆర్గనైజర్లు బండి బండికీ తిరిగారు. ఆధార్‌కు ఫోను నంబరు జోడించుకోని ఇడ్లీ బండి అమ్మను దగ్గరుండి కేంద్రానికి తీసుకువెళ్లారు, పురపాలక సంఘం నుంచి సిఫారసు లేఖ ఇప్పించారు, బ్యాంకు శాఖలో దరఖాస్తు కదలకపోతే మళ్లీ మళ్లీ అడిగారు. పూచీకత్తు లేకుండా మొదటి విడత 10 వేలు, తీర్చినవారికి 20 వేలు, ఆపైన 50 వేలు అందాయి. 2025లో మొదటి రెండు విడతలను 15 వేలకు, 25 వేలకు పెంచి పథకాన్ని 2030 మార్చి వరకు పొడిగించారు. నేను చూసిన ఏ చిన్న వ్యాపార పథకంలోనూ కాగితం అంత కింది మనిషి దాకా వెళ్లలేదు. తిరిగినవారికి వచ్చే గౌరవ వేతనం ఎంత తక్కువో మీకు నాకంటే బాగా తెలుసు. 2023 సెప్టెంబరులో 18 చేతివృత్తుల కోసం ప్రారంభించిన విశ్వకర్మ పథకంలోనూ మొదటి దశ పరిశీలన పంచాయతీలో, పురపాలక సంఘంలోనే జరగాలి. పని మీ మీద పెట్టారు గానీ, ఆ పని చేసే మనిషికి జీతం ఎవరిస్తారన్నది మాత్రం ఎక్కడా రాయలేదు.

మన రాష్ట్రంలో 175 నియోజకవర్గాల్లో ఒక్కొక్క ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) పార్కు పెట్టాలన్నది ప్రభుత్వ లక్ష్యం. నేను దానికి వ్యతిరేకిని కాను. అయితే శంకుస్థాపన ఫలకం పెట్టగలిగినదానికి నిధులు త్వరగా వస్తాయనీ, ఫలకం పెట్టలేని సలహా కేంద్రానికి రావనీ ఇన్నేళ్ల అనుభవం చెబుతోంది. ఇంటి వెనక వరండాలో మిషను పెట్టుకున్న దర్జీ, వీధి చివర వెల్డింగ్ షాపు, చీరాల మగ్గం, బందరు రోల్డ్‌గోల్డు పనివాడు ఊరి బయటి పార్కుకు తరలిపోరు. వారు మీ వార్డుల్లోనే ఉంటారు, వారికి సాయం కూడా అక్కడికే రావాలి. 2019 అక్టోబరు 2న మొదలై ఇప్పుడు 15,004గా ఉన్న గ్రామ, వార్డు సచివాలయాల భవనాలు, కంప్యూటర్లు సిద్ధంగానే ఉన్నాయి. లేనిదల్లా బ్యాలెన్స్ షీటు చదవగలిగిన, బ్యాంకు మేనేజరుతో మాట్లాడగలిగిన ఒక శిక్షణ పొందిన ఉద్యోగి.

ఇప్పుడు కొంచెం ఇబ్బందికరమైన విషయం. రాష్ట్రాన్ని నిలదీసే ముందు మీ అకౌంట్స్ విభాగంలో పెండింగ్ బిల్లుల ఫైలు ఒకసారి తెప్పించుకోండి. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ అభివృద్ధి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థ దగ్గర సరుకు గానీ సేవ గానీ తీసుకున్న కొనుగోలుదారు, ఒప్పందం ఏదైనా సరే, 45 రోజులకు మించకుండా సొమ్ము చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీగా పడుతుంది. ప్రైవేటు కొనుగోలుదారు గడువులో చెల్లించకపోతే ఆ ఖర్చును ఆ ఏడాది ఆదాయపు పన్ను లెక్కలో చూపుకోలేడు. ఆదాయపు పన్ను కట్టని మీ సంస్థలకు ఆ భయమూ లేదు. నా ఖాతాదారు అయిన ఒక ప్రింటింగ్ ప్రెస్ యజమాని ఒక పురపాలక సంఘానికి రసీదు పుస్తకాలు, ఫారాలు అచ్చువేసి ఇచ్చి రెండు ఆర్థిక సంవత్సరాలు బిల్లు కోసం తిరిగాడు. ఇలాంటి బాకీల తగాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్లో ఫిర్యాదు చేద్దామని నేనంటే, “వద్దండీ, మళ్లీ ఆర్డరు ఇవ్వరు” అన్నాడు. ఆ కౌన్సిల్ 90 రోజుల్లో తేల్చాలని, తీర్పు మీద కోర్టుకు వెళ్లదలచిన కొనుగోలుదారు ముందుగా 75 శాతం జమ చేయాలని చట్టంలో ఉంది. చట్టం పదునైనదే. ఆ కౌన్సిళ్లను ఏర్పాటు చేసి, తగినంత సిబ్బందిని ఇవ్వవలసింది కూడా రాష్ట్ర ప్రభుత్వమే కనుక మీ తీర్మానంలో దానికీ చోటు ఉండాలి. మీ సొంత బకాయిల జాబితాను తీర్మానానికి జతపరచి, ఫలానా నెలలోగా తీరుస్తామని రాసిన పాలకవర్గం మాటకు రాష్ట్ర సచివాలయంలో ఎంతో విలువ ఉంటుంది.

తీర్మానం ఎలా ఉండాలన్నది మీ అధికార పరిధి. అయినా కోరికగా కొన్ని మాటలు చెప్తాను. మంజూరై విడుదల కాని ప్రోత్సాహకాల్లో సూక్ష్మ యూనిట్లవి ముందుగా చెల్లించాలని, కేంద్ర పథకాల రాష్ట్ర వాటాను మొదటి త్రైమాసికంలోనే జమ చేయాలని, ప్రతి పురపాలక సంఘానికి కనీసం ఒక వ్యాపార సహాయకుడి జీతాన్ని రాష్ట్రం భరించాలని స్పష్టంగా రాయండి. చిన్న వ్యాపారులను ఆదుకోవాలన్న సాధారణ వాక్యం రాస్తే, ఆదుకుంటున్నామన్న సాధారణ జవాబే వస్తుంది. మీ వంతుగా కార్యాలయంలో ఒక గది, ఒక బల్ల, ఇంటర్నెట్టు ఇస్తామని చేర్చండి, దానికి పెద్ద ఖర్చు ఉండదు. మీ ట్రేడ్ లైసెన్సుల రిజిస్టరు నుంచి గత మూడేళ్లలో కొత్తగా వచ్చినవి ఎన్ని, రెన్యువల్ కానివి ఎన్ని, అవి ఏ ఏ వ్యాపారాలు అన్న పట్టిక ఒకటి తీయించి జతచేస్తే, ఆ ఒక్క కాగితం ముందు ఏ కన్సల్టెన్సీ నివేదికా నిలవదు.

తీర్మానం రాష్ట్రాన్ని కట్టిపడేయలేదని నాకు తెలుసు. అయితే దానికి పోవలసిన దారి ఒకటి రాజ్యాంగంలోనే ఉంది. పంచాయతీలు, పురపాలక సంఘాల ప్రణాళికలను ఒకచోట చేర్చి జిల్లా ముసాయిదా తయారుచేయవలసిన జిల్లా ప్రణాళికా కమిటీలో కనీసం ఐదింట నాలుగు వంతుల సభ్యులు జిల్లా పరిషత్తు, పురపాలక సంఘాల ఎన్నికైన సభ్యులు తమలోనుంచి ఎన్నుకున్నవారే ఉండాలి. ఆ కమిటీని చాలాకాలంగా పెద్దగా వాడుకోలేదన్నది నిజమే. వాడుకోకపోవడానికి మీరు సమర్పించిన అంశాలు లేకపోవడం కూడా ఒక కారణం కావచ్చు. ఒక పట్టణం తీర్మానం పంపితే ఫైలులో పడుతుంది. ఒకే జిల్లాలోని పట్టణాలన్నీ ఒకే నెలలో, ఒకే రకపు పట్టికలతో పంపితే పరిశ్రమల శాఖ ఆర్థిక శాఖ ముందు పెట్టుకోవడానికి దానికి ఒక ఆధారం దొరుకుతుంది. ఆ శాఖ అధికారులు కూడా నిధులు అడిగి అడిగి విసిగినవారేనని మరచిపోకండి.

శాఖల ప్రతిపాదనలు సాధారణంగా శీతాకాలంలోనే ఖరారై, బడ్జెట్ ఆ తర్వాత శాసనసభకు వస్తుంది కనుక అక్టోబరు, నవంబరు సమావేశాలు ఇందుకు అనువైనవి. టేబుల్ అజెండాగా చివరి నిమిషంలో పెట్టి చదవకుండా ఆమోదించవద్దని, చర్చకు వచ్చే రోజున పట్టణంలోని వర్తక సంఘాన్ని, పట్టణ స్థాయి మహిళా సమాఖ్యను, వీధి వ్యాపారుల పట్టణ విక్రయ కమిటీ సభ్యులను పిలిపించి వారి మాట కూడా మినిట్స్‌లో నమోదు చేయించాలని మనవి. తీర్మానం ప్రతులను జిల్లా కలెక్టరుకు, పురపాలక పరిపాలన సంచాలకులకు, పరిశ్రమల శాఖ కార్యదర్శికి, ఆర్థిక శాఖ కార్యదర్శికి, మీ శాసనసభ్యునికి విడివిడిగా పంపి, రసీదులు తీసుకోండి. లైసెన్సుల పట్టిక తయారీలో గానీ, ప్రోత్సాహకాల బకాయిల లెక్క కూడడంలో గానీ ఏ పాలకవర్గానికైనా సాయం అవసరమైతే, మా వృత్తిలో ఉన్నవారిని అడగండి. ఆ పనికి ఫీజు అడగవద్దని నా తోటివారికి చెప్పే పూచీ నాది.

ఇట్లు,
ఉత్తరాంధ్రలో చిన్న పరిశ్రమలకు లెక్కలు రాసే ఒక పౌరుడు